అడివి బాపిరాజు: నవలా రచయితగా అందరికీ తెలుసు.. బొమ్మల మాస్టారుగా ఎందరికి తెలుసు?

వాడరేవు: సెలవు రోజు సాయంత్రం వాడరేవు బీచ్‌కి వెళ్తే జనమే జనం. చీరాల నుంచి, గుంటూరు నుంచి కుటుంబాలతో సహా వచ్చేస్తారు. కానీ జనం లేని పొద్దుటి పూట ఇక్కడ ఇంకో దృశ్యం కనిపిస్తుంది. ఒకపక్క మత్స్యకారులు వలలు సర్దుకుంటుంటారు. మరోపక్క వాళ్ల పిల్లలు తడి ఇసుక మీద పుల్లతో బొమ్మలు గీస్తుంటారు. ఒకడు పడవ వేస్తాడు. ఇంకొకడు చేప వేస్తాడు. దూరంగా కనిపించే లైట్‌హౌస్‌ను మరొకరు నిలువు గీతల్లో లేపుతారు. అల వచ్చి అన్నీ తుడిచేసి పోతుంది. పిల్లలు నవ్వుకుని మళ్లీ మొదలుపెడతారు.

ఇదే పిల్లలు ఆరో తరగతి దాటి ఏడు, ఎనిమిదికి వచ్చేసరికి చాలామంది ఆ పుల్లను పక్కన పడేస్తారు. తమకు బొమ్మలు రావని తామే తేల్చేసుకుంటారు. ఇది వాడరేవు ఒక్కచోటి సంగతే కాదు. ఏ ఊళ్లో చూసినా అంతే. మరి సరిగ్గా ఆ సమయంలో బొమ్మ చూసి, పక్కన కూర్చుని, ఇంకో గీత గీయమని చెప్పే మాస్టారు ఒకరు దొరికితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు తెలుగునాట ఒక మనిషి జీవితమే జవాబుగా ఉంది. ఆయనే అడివి బాపిరాజు.

బాపిరాజు ఈ తీరం మనిషి కాదు. గోదావరి గడ్డ బిడ్డ. కానీ ఆయన నేర్చుకున్న విద్య బందరు మీదుగా గుంటూరు దాకా వచ్చింది. అప్పట్లో చీరాల, వాడరేవు కూడా గుంటూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడింది. 2022లో ఈ ప్రాంతం బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. జిల్లాల పేర్లు మారాయి గానీ బాపిరాజు ఎదుర్కొన్న ప్రశ్న మాత్రం మారలేదు. పిల్లల చేతికి కుంచె ఎవరివ్వాలి? ఎప్పుడివ్వాలి?

ప్లీడరు కావాల్సిన కుర్రాడు

బాపిరాజు 1895 అక్టోబర్ 8న భీమవరం ప్రాంతంలో పుట్టారు. నరసాపురంలో హైస్కూలు చదువు, ఆ తర్వాత రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ, మద్రాసులో లా. ఆ రోజుల్లో ఒక మధ్యతరగతి కుటుంబం కోరుకునే దారి ఇదే. లా చదివితే ప్లీడరు కావొచ్చు. ఊళ్లో పెద్దమనిషిగా బతకొచ్చు. బొమ్మలు వేసుకుంటానంటే ఇంట్లో ఏమంటారో ఇప్పటి పిల్లలకూ తెలుసు.

చదువుల్లో బొమ్మల స్థానం కూడా అంతంతమాత్రమే. అలాగని బ్రిటిష్ ప్రభుత్వం చిత్రకళను పూర్తిగా వదిలేసిందనుకుంటే పొరపాటు. మద్రాసులో 1850లోనే అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు ఆర్ట్స్ స్కూలు పెట్టారు. ఆ తర్వాత స్కూళ్లలోకీ డ్రాయింగ్ వచ్చింది. అయితే అందులో ఎక్కువ భాగం చూసి దించడమే. అచ్చులో వచ్చిన నమూనా ముందు పెట్టుకుని, అందులోని గీత ఎలా ఉంటే అలా కాగితం మీదకు ఎక్కించాలి. చెయ్యి కుదురుగా ఉందా లేదా అన్నదే లెక్క. ఓవర్సీయర్లు, సర్వేయర్లు, డిజైన్ పనివాళ్లు తయారవడానికి ఆ పద్ధతి పనికొచ్చింది. పిల్లవాడు తన కళ్లతో ఏం చూస్తున్నాడన్నది అందులో లెక్కకు రాలేదు.

చిత్రమేంటంటే ఆ పిల్లవాడి ఇంటి ముందు మాత్రం బొమ్మ బతికే ఉంది. వాకిట్లో ముగ్గు ఉంది. నేసే చీర మీద అంచు ఉంది. చీరాలలో నేతగాళ్లు నూలును నూనెలో నానబెట్టి, ముడులు వేసి, ఎరుపు నలుపు రంగుల్లో తేలియా రుమాళ్లు నేసేవాళ్లు. బందరు పక్కన పెడనలో చెక్క అచ్చులతో కలంకారీ వేసేవాళ్లు. ఇంట్లో ఇన్ని రంగులుండగా బడిలో మాత్రం ఎక్కడిదో ఆకు, ఎవరిదో పూలకుండీ గీయాల్సిందే. బాపిరాజు తరం పెరిగింది ఈ రెండింటి మధ్యనే.

రాజమండ్రిలో దొరికిన గురువు

బాపిరాజు జీవితం మలుపు తిరిగింది రాజమండ్రిలో. అక్కడి ప్రభుత్వ కళాశాలకు 1909 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ జె. కూల్డ్రే ఇంగ్లండ్ నుంచి వచ్చిన మనిషి. ఉద్యోగం పాఠాలు చెప్పడం, కాలేజీ నడపడం. కానీ ఆయనకు కవిత్వమన్నా చిత్రకళ అన్నా ప్రాణం. స్వయంగా బొమ్మలు వేసేవారు. కుర్రాళ్లలో ఎవరి చేతిలో గీత ఉందో, ఎవరి గొంతులో కవిత్వం ఉందో పసిగట్టడం ఆయనకు బాగా తెలుసు.

ఆయన పసిగట్టిన వాళ్లలో ముగ్గురి పేర్లు తెలుగువాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఒకరు దామెర్ల రామారావు. ఇంకొకరు కవికొండల వెంకటరావు. మూడో మనిషి బాపిరాజు. ఒకరు చిత్రకారుడయ్యారు. ఒకరు కవి అయ్యారు. బాపిరాజు మాత్రం రెండూ అయ్యారు.

కూల్డ్రే చేసిన పెద్ద పని ఏమిటంటే, కుర్రాళ్ల చూపును యూరప్ బొమ్మల మీద నుంచి తిప్పి తమ చుట్టూ ఉన్న మనుషుల మీద, అజంతా గుహల్లోని రేఖల మీద పెట్టించడం. తెల్లదొర వచ్చి తెలుగు కుర్రాళ్లకు తమ దేశపు బొమ్మ చూసుకోమని చెప్పడం ఆ రోజుల్లో మామూలు విషయమేమీ కాదు. పాలించేవాళ్ల బొమ్మే గొప్పదని అందరూ నమ్ముతున్న కాలం అది.

అంతేకాదు.. మాటలతో సరిపెట్టలేదు. బొమ్మల మీదే ధ్యాసంతా ఉన్న దామెర్ల బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరడం వెనక ఉన్నదీ ఆయన ప్రోత్సాహమే. ఆరోగ్యం దెబ్బతిని కూల్డ్రే ఇంగ్లండ్ వెళ్లిపోయారు. వెళ్లాక కూడా దక్షిణ భారత జీవితం మీద ఆయన రాసిన పుస్తకం 1924లో వచ్చింది. తెలుగునేల మీద ఆయన గడిపింది పదేళ్లే. కానీ ఆ పదేళ్లలో ఆయన చూసిన కుర్రాళ్లు తర్వాత ముప్పై ఏళ్లు తెలుగు చిత్రకళను మోశారు.

ఇరవై ఏడేళ్లకే వెళ్లిపోయిన మిత్రుడు

బొంబాయిలో చదువు ముగించుకుని వచ్చిన దామెర్ల రామారావు అక్కడే స్థిరపడొచ్చు. కానీ రాజమండ్రికే తిరిగొచ్చారు. సొంత ఊళ్లో చిత్రకళా పాఠశాల మొదలుపెట్టారు. తెలిసిన విద్య తన దగ్గరే ఉంచుకోకుండా కుర్రాళ్లకు నేర్పడం మొదలెట్టారు. ఆయన బొమ్మలు దేశవ్యాప్తంగా ప్రదర్శనలకు వెళ్లాయి. ఇంగ్లండ్‌లో జరిగిన వెంబ్లీ ఎగ్జిబిషన్ దాకా చేరాయి.

అంతలోనే విషాదం. 1925 ఫిబ్రవరి 6న మశూచి సోకి రామారావు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లే. ఇంకో నెల బతికితే 28 నిండేవి. భార్య సత్యవాణి, మిత్రుడు వరదా వెంకటరత్నం లాంటి వాళ్లు ఆ పాఠశాలను, బొమ్మలను కాపాడారు. రాజమండ్రిలో ఇప్పుడున్న దామెర్ల ఆర్ట్ గ్యాలరీ వాళ్ల చలవే.

ఒకే గురువు దగ్గర వెలుగులోకి వచ్చిన ఇద్దరిలో ఒకరు ఇలా మధ్యలోనే వెళ్లిపోయారు. రెండో మనిషికి మరో 27 ఏళ్ల ఆయుష్షు మిగిలింది. బాపిరాజు ఆ కాలాన్ని ఏం చేశారన్నదే అసలు కథ.

జైలు.. బందరు.. బెంగాల్ మాస్టారు

1920 నాటికి దేశమంతా గాంధీజీ పిలుపుతో కదులుతోంది. 1921లో ఈ వాడరేవు పక్కనే చీరాల, పేరాలలో చరిత్రలో నిలిచిపోయే పోరాటం జరిగింది. రెండు ఊళ్లనూ మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచారని జనం ఏకంగా ఊరే ఖాళీ చేశారు. ఊరి బయట రామనగరం పేరుతో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. నడిపించింది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన్ను ఉద్యమకారుడిగానే చాలామందికి తెలుసు. కానీ ఆయన ఎడింబరోలో చదువుకుని, కళా చరిత్రకారుడు ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. ఆ పుస్తకం 1917లో వెలువడింది. దేశం కోసం పోరాడటం, దేశపు కళను పిల్లలకు అందించడం ఆ తరానికి వేర్వేరు పనులు కావు.

ఆ గోపాలకృష్ణయ్య కొంతకాలం పనిచేసిన బడి ఒకటుంది. అదే బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాల. ప్రభుత్వ చదువులకు బదులు మన చదువు మనమే చెప్పుకోవాలని కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య 1910లో దాన్ని స్థాపించారు. జాతీయ జెండా రూపకర్త పింగళి వెంకయ్య కూడా ఇక్కడే పనిచేశారు. పుస్తకాల చదువుతో పాటు చేతిపనులు నేర్పడం ఆ బడి ప్రత్యేకత. మగ్గం, వడ్రంగం పక్కనే చిత్రలేఖనం కూడా పాఠమే.

బాపిరాజు కూడా సహాయ నిరాకరణ ఉద్యమంలో దూకారు. 1922లో జైలుకు వెళ్లారు. లా చదివినా కోర్టులో ఆయన మనసు నిలవలేదు. ఆయన్ను లాక్కుంది బందరు బడిలోని బొమ్మల గదే. అక్కడ బెంగాల్ నుంచి వచ్చిన ప్రమోద్ కుమార్ ఛటర్జీ చిత్రలేఖనం నేర్పేవారు. డిగ్రీ చేతిలో ఉన్న బాపిరాజు ఆయన దగ్గర శిష్యుడిగా కూర్చున్నారు.

అక్కడ నేర్పిన పద్ధతి గురించి కాస్త చెప్పుకోవాలి. బెంగాల్‌లో అవనీంద్రనాథ్ ఠాగూర్ బృందం జపాన్ చిత్రకారుల దగ్గర చూసి, మన పద్ధతితో కలిపి తయారు చేసుకున్నదే వాష్ టెక్నిక్. ముందు సన్నటి గీతతో బొమ్మ గీయాలి. పల్చగా నీటి రంగు పూయాలి. ఆరనివ్వాలి. ఆ తర్వాత కాగితాన్ని నీళ్లలో తడిపి, మళ్లీ రంగు పూయాలి. ఇలా ఎన్నిసార్లు చేస్తే రంగు అంత లోతుగా కాగితంలో ఇంకుతుంది. పొగమంచులోంచి బొమ్మ బయటకు వచ్చినట్టుంటుంది. తొందర పనికిరాదు. తడి ఆరకముందే చెయ్యి పెడితే బొమ్మ చెడుతుంది. చూసి దించే డ్రాయింగ్‌కు, దీనికి తేడా అక్కడే. ఇందులో గీత ఒక్కటే సరిపోదు, ఓపిక కావాలి. నమూనా ఒక్కటే సరిపోదు, తలలో ఊహ కావాలి.

శిష్యుడే ప్రిన్సిపాల్ అయ్యాడు

ఏ బడిలో శిష్యుడిగా కూర్చున్నారో అదే బడికి బాపిరాజు ప్రిన్సిపాల్ అయ్యారు. 1935 నుంచి 1939 దాకా ఆ బాధ్యతలో ఉన్నారు. అప్పటికే ఆయన పేరు తెలుగునాట మారుమోగుతోంది. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీలో ఆయన నారాయణరావుకు, విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలుకు బహుమతి కలిపి ఇచ్చారు. ఇంత పేరున్న రచయిత రాతతోనే కాలం గడిపేయొచ్చు. కానీ ఆయన బడి పనిని వదల్లేదు.

బాపిరాజు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆ రోజుల్లోనే దేశంలో చదువు గురించి పెద్ద చర్చ నడిచింది. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపనే కేంద్రంగా ఉండే బేసిక్ విద్యను ముందుకు తెచ్చారు. 1938లో హరిపుర కాంగ్రెస్ మహాసభ కోసం నందలాల్ బోస్ పల్లె జనం పనిపాటలను పోస్టర్లుగా వేశారు. డోలు వాయించేవాడు, దర్జీ, వంట చేసే ఆడమనిషి.. వాళ్లే ఆ బొమ్మల్లో నాయకులు. కాంగ్రెస్ సభ చూడటానికి వచ్చిన రైతు అక్కడ తన బొమ్మే చూసుకున్నాడు. బందరు బడి దాదాపు పాతికేళ్ల ముందు నుంచే పట్టుకున్న దారి ఇదే.

ఇదే కాలంలో బాపిరాజుకు సినిమా వాళ్ల నుంచి కూడా పిలుపు వచ్చింది. సి. పుల్లయ్య తీసిన సతీ అనసూయ, ధ్రువ విజయం సినిమాలకు ఆయన కళా దర్శకత్వం చేశారు. 1936 నాటి ఆ రెండు సినిమాల్లోనూ నటించింది చిన్నపిల్లలే. పిల్లలతో తీసిన బొమ్మల్లో ఆశ్రమం ఎలా ఉండాలి, అడవి ఎలా ఉండాలి అన్నది ఒక చిత్రకారుడి కంటితో చూడాలని ఆ రోజుల్లోనే అనుకున్నారన్నమాట.

గుంటూరులో బొమ్మల బడి

బందరు తర్వాత మన ప్రాంతానికి సంబంధించిన ఘట్టం. బాపిరాజు గుంటూరులో విద్యార్థులకు చిత్రలేఖనం నేర్పడానికి ఒక సంస్థను నెలకొల్పారు. పత్తి, మిర్చి, పొగాకు వ్యాపారాలతో కళకళలాడే ఊరు గుంటూరు. డబ్బుకు లోటు లేని చోటే. కానీ అలాంటి ఊళ్లో బొమ్మలు నేర్పే చోటు కావాలంటే ఒక రచయిత పూనుకోవాల్సి వచ్చింది. ఆయన నవలలు తెలుగు దేశమంతా చదివింది. ఆయన పెట్టిన బొమ్మల బడి గురించి మాత్రం ఈనాడు ఒకటి రెండు వాక్యాలే మిగిలాయి. రాసిన పుస్తకం అలమరలో ఉంటుంది. నేర్పిన చదువు నేర్చుకున్నవాళ్ల చేతుల్లో కలిసిపోతుంది. మాస్టార్లందరి కథా ఇంతే.

నిజానికి బొమ్మలు నేర్చుకునేవాళ్లకు గుంటూరు జిల్లాను మించిన బడి లేదు. అమరావతి స్తూపం మీద పాలరాతిని పోలిన తెల్లటి రాయిలో చెక్కిన మనుషులు, ఏనుగులు, తామర తీగలు రెండు వేల ఏళ్ల నాటివి. ఆ రాళ్లలో చాలా భాగం లండన్‌కు, మద్రాసు మ్యూజియానికి వెళ్లిపోయాయి. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు శిల్పాలు బయటపడ్డాయి. బాపిరాజు ఈ రాళ్లనే నవలల్లోకి తెచ్చారు. హిమబిందు శాతవాహనుల కాలం కథ. అడవి శాంతిశ్రీ ఇక్ష్వాకుల విజయపురి కథ. గోన గన్నారెడ్డి కాకతీయుల కథ. ఆ నవలలు చదువుతుంటే నగలు, చీరల అంచులు, జుట్టు ముడులు, రథాల చెక్కడాలు కళ్లకు కడతాయి. రాసింది రచయితే అయినా చూసింది చిత్రకారుడు.

ఆయన వేసిన చిత్రాల్లో శబ్దబ్రహ్మ, ఆనంద తాండవం, భాగవత పురుషుడు, తిక్కన, సముద్రగుప్తుడు పేరున్నవి. తిక్కన ఎలా ఉండేవారో ఎవరికీ తెలియదు. ఆ కాలపు చిత్రపటం లేదు. అయినా పద్యం చదివిన మనిషి మనసులో ఒక రూపం ఉంటుంది. ఆ రూపాన్ని కాగితం మీద పెట్టే ధైర్యం చేశారు బాపిరాజు. చరిత్ర పాఠం, తెలుగు పాఠం, డ్రాయింగ్ పాఠం మూడూ ఒకచోట కలవడం అంటే అదే.

హైదరాబాద్ డెస్క్ నుంచి సిగిరియా కొండ దాకా

1940లలో బాపిరాజు హైదరాబాద్ వెళ్లి మీజాన్ తెలుగు పత్రికకు సంపాదకుడయ్యారు. నిజాం పాలన చివరి రోజులు అవి. రోజూ వార్తలు, సంపాదకీయాలు, ఒత్తిళ్లు. అంత హడావిడిలోనూ కుంచె వదల్లేదు.

చివరి రోజుల్లో ఆయన చేసిన పెద్ద పని చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 1951లో మద్రాసు ప్రభుత్వం కోరితే సింహళం వెళ్లి సిగిరియా కుడ్యచిత్రాలకు నకళ్లు వేశారు. ఐదో శతాబ్దంలో కాశ్యపుడనే రాజు కట్టించుకున్న కొండకోట సిగిరియా. నిలువుగా లేచిన రాతి మధ్యలో, నేలకు చాలా ఎత్తున, పూలు పట్టుకున్న స్త్రీల బొమ్మలుంటాయి. అజంతా రేఖకు దగ్గరి చుట్టాలవి. అప్పటికి బాపిరాజుకు 55 ఏళ్లు దాటాయి. పేరు వచ్చింది, పుస్తకాలు వచ్చాయి. అయినా మళ్లీ శిష్యుడిలాగా, పేరు కూడా తెలియని చిత్రకారుల గీత ముందు నిలబడి గీతకు గీత వేశారు.

ఇక్కడో తేడా గమనించాలి. స్కూల్లో నమూనా చూసి దించడం వేరు. జీవితమంతా సొంత బొమ్మలు వేసిన మనిషి పాత గురువుల గీతను చేత్తో తెలుసుకోవడానికి దించడం వేరు. మొదటిది పిల్లవాడి కళ్లు మూస్తుంది. రెండోది పెద్దవాడి కళ్లు కూడా తెరుస్తుంది.

ఆ మరుసటి ఏడాదే 1952 సెప్టెంబర్ 22న మద్రాసులో బాపిరాజు కన్నుమూశారు. ఇంకో పదహారు రోజులుంటే 57 నిండేవి.

ఇప్పుడు ఎందుకు గుర్తు చేసుకోవాలి?

పదకొండు, పన్నెండేళ్ల వయసులో పిల్లలు బొమ్మలు ఎందుకు మానేస్తారో పరిశీలించిన వాళ్లున్నారు. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో పాఠాలు చెప్పిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో దీని మీద పెద్ద పుస్తకమే రాశారు. చిన్నప్పుడు పిల్లలు తమకు తెలిసింది గీస్తారు. మనిషి కన్నా పువ్వు పెద్దదైనా వాళ్లకు ఫర్వాలేదు. కానీ తొమ్మిది, పదేళ్లు దాటాక కళ్లకు కనిపించినట్టే బొమ్మ రావాలనుకుంటారు. చెయ్యేమో అంత మాట వినదు. పక్కవాడు నవ్వుతాడు. తాను వేసింది తనకే నచ్చదు. అక్కడ ఆగిపోతారు. అంటే పిల్లవాడిలో కళ తగ్గిపోలేదు. చూపు పెరిగింది, చెయ్యి వెనకబడింది. ఆ ఖాళీ పూడ్చేదే మిడిల్ స్కూల్ డ్రాయింగ్ మాస్టారు పని.

బాపిరాజుకు రెండేళ్ల వయసున్నప్పుడే, అంటే 1897లోనే వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ పిల్లల కోసం ప్రత్యేకంగా ఆర్ట్ క్లాసు మొదలుపెట్టారు. పిల్లల బొమ్మ పెద్దవాళ్ల బొమ్మకు చిన్న సైజు కాదని, దానికో సొంత లెక్క ఉందని ఆయన నమ్మారు. మన దగ్గర కూడా విధానాలకు లోటు లేదు. 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం పదో తరగతి వరకు కళలను చదువులో భాగం చేయాలని చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం మిగతా సబ్జెక్టులను కూడా కళలతో కలిపి చెప్పాలంది. ఆంధ్రప్రదేశ్‌లో డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు ఉన్నాయి. ఏడో తరగతి పాసైన పిల్లలు లోయర్ రాయొచ్చు. ఆ సర్టిఫికెట్ మీద ఆపై 42 రోజుల వేసవి శిక్షణ తీసుకుని టీచర్ సర్టిఫికెట్‌కు వెళ్లే దారి ఉంది.

సమస్య కాగితం మీద లేదు, టైంటేబుల్‌లో ఉంది. పరీక్షలు దగ్గరపడితే ముందుగా ఎగిరిపోయేది డ్రాయింగ్ పీరియడే. ఆ గంటలో లెక్కల సార్ వచ్చి సిలబస్ పూర్తి చేసుకుంటారు. చాలా బళ్లలో అసలు డ్రాయింగ్ టీచరే ఉండరు. ఉన్నా సైన్స్ చార్టులు, గోడల మీద నినాదాలు, వార్షికోత్సవం స్టేజీ అలంకరణ ఆయన నెత్తినే పడతాయి. తల్లిదండ్రులది మరో భయం. బొమ్మలు వేస్తే మార్కులు తగ్గుతాయని. బాపిరాజు జీవితం ఆ భయానికి సూటి సమాధానం. ఆయన డిగ్రీ చదివారు, లా చదివారు, నవలలు రాశారు, పత్రిక నడిపారు, కాలేజీ నడిపారు. బొమ్మలు వీటిలో దేనికీ అడ్డం రాలేదు. పైగా అన్నిటికీ చూపునిచ్చాయి.

అయితే ఇందులో ఒక చేదు నిజం కూడా ఉంది. బాపిరాజుకు కూల్డ్రే దొరకడం అదృష్టం. ఆ రోజు రాజమండ్రిలో చదవని, కాలేజీ గడప తొక్కని తెలుగు పిల్లల్లో ఎందరి చేతుల్లో గీత ఉందో ఎవరూ చూడలేదు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. జాతీయ కళాశాల అయినా, గుంటూరులో బాపిరాజు పెట్టిన సంస్థ అయినా చేయాలనుకున్నది ఆ అదృష్టాన్ని ఒకరిద్దరికి కాకుండా పదిమందికి పంచడమే. బడి అంటే అదే కదా. అదృష్టం మీద ఆధారపడకుండా చేసేది.

వాడరేవు లాంటి ఊళ్లో దానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. పడవ ముక్కు ఎందుకు పైకి లేచి ఉంటుందో అడిగితే పిల్లలు ముందు పడవ చూస్తారు, తర్వాతే గీస్తారు. వలలో కన్నుల వరస, చేప పొలుసుల వరస, మగ్గం మీద నేత వరస పక్కపక్కన పెడితే డిజైన్ పాఠం అయిపోతుంది. లైట్‌హౌస్ దగ్గర నిలబడి చూస్తే ఎంత, దూరం నుంచి చూస్తే ఎంత అని కొలిపిస్తే పర్‌స్పెక్టివ్ అర్థమవుతుంది. బొగ్గు ముక్క, సుద్ద, పసుపు, ఎర్రమట్టి ఏ ఇంట్లోనైనా దొరుకుతాయి. కావాల్సింది వారానికి ఒక గంట, ఆ గంటను ఎవరూ లాక్కోకుండా కాపాడే హెడ్‌మాస్టారు, బొమ్మకు మార్కులు వేసే ముందు బొమ్మ చూసే ఒక మనిషి.

ఏటా అక్టోబర్ 8న బాపిరాజు జయంతి వస్తుంది. ఆ రోజు నారాయణరావు గురించి, గోన గన్నారెడ్డి గురించి సభల్లో మాట్లాడుకుంటారు. మాట్లాడుకోవాలి కూడా. దాంతో పాటు ఆ రోజు ఒక్క పీరియడైనా ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేతికి కాగితం, రంగులు ఇస్తే ఆయన ఎక్కువ సంతోషించేవారేమో. ఇసుక మీద వేసిన పడవను అల తుడిచేస్తుంది. కాగితం మీద వేసిన పడవను ఇంటికి తీసుకెళ్లి అమ్మకు చూపించొచ్చు.